గర్భం తొలి నెలల్లో రక్తపు మరకలు: తరచుగా అడిగే ప్రశ్నలు

గర్భం తొలి 12 వారాల్లో కనిపించే కొద్దిపాటి రక్తస్రావం గురించిన ప్రశ్నలు ఇవి. వారాల లెక్క అంతా చివరి నెలసరి మొదటి రోజు నుంచి వేసిందే. డాక్టర్లు, స్కానింగ్ సెంటర్లవారు వేసే లెక్క కూడా అదే కాబట్టి, నెల తప్పిందని గమనించే నాటికే 4 వారాలు నిండి 5వ వారం నడుస్తూ ఉంటుంది. ఇప్పుడు రక్తం ధారగా పోతున్నా, పొత్తికడుపులో భరించలేని నొప్పి ఉన్నా, కళ్ళు తిరుగుతున్నా చదవడం ఆపి 108కి ఫోన్ చేయండి.

మరకలకూ రక్తస్రావానికీ తేడా ఏమిటి?

లోదుస్తులపై ఒకటి రెండు చుక్కలు పడినా, మూత్రానికి వెళ్ళి తుడుచుకున్నప్పుడు గులాబీ రంగులోనో గోధుమ రంగులోనో ఒక జీరలా కనిపించినా, ప్యాడ్ పెట్టుకోవలసినంత లేకపోతే దాన్ని మరకలు లేదా స్పాటింగ్ అంటారు. ప్యాడ్ అవసరమైతే అది రక్తస్రావం. గంటకో ప్యాడ్ పూర్తిగా తడిసిపోతుంటే అది ఎక్కువ రక్తస్రావం, ఇంట్లో ఉండవలసిన పరిస్థితి కాదు.

రంగు గురించి చాలామంది ఆందోళన పడతారు. కాఫీ పొడి రంగులో ఉన్నది కొంతకాలం లోపల నిలిచి బయటికి వచ్చిన పాత రక్తం, ఎర్రనిది అప్పుడే వచ్చిన రక్తం. రక్తం ఎప్పటిదో రంగు చెబుతుంది గాని ఎందుకు వచ్చిందో చెప్పదు. మరో సంగతి: ఆ రక్తం యోని నుంచే వచ్చిందా అన్నది ముందు చూసుకోవాలి. తొలి నెలల్లో మలబద్ధకం మామూలే, ఐరన్ మాత్రలు మొదలుపెడితే అది ఇంకా పెరుగుతుంది. మొలల నుంచి వచ్చిన రక్తాన్ని, మూత్రంలో ఇన్ఫెక్షన్ వల్ల వచ్చిన రక్తాన్ని గర్భానికి సంబంధించినదిగా పొరబడి భయపడేవారు ఉంటారు.

ఇది నాకొక్కదానికేనా?

కాదు. గర్భిణుల్లో సుమారు నలుగురిలో ఒకరికి తొలి మూడు నెలల్లో ఎంతో కొంత రక్తం కనిపిస్తుంది. వారిలో ఎక్కువమందికి గర్భం నిలిచి, నెలలు నిండి, మామూలుగానే కాన్పు అవుతుంది. బయట ఎవరూ చెప్పుకోరు కాబట్టి ఇది అరుదైన విషయంలా తోస్తుంది.

ఎందుకు వస్తుంది?

అన్నిటికంటే తేలికైన కారణం గర్భసంచి ముఖద్వారానిది. గర్భం వచ్చాక అక్కడికి రక్తప్రసరణ బాగా పెరుగుతుంది, పైపొర సున్నితమవుతుంది. కలయిక తర్వాతో, డాక్టర్ లోపలి పరీక్ష చేసిన తర్వాతో కొద్దిగా రక్తం కనిపించడం అందుకే. అక్కడ చిన్న పాలిప్ (పులిపిరిలాంటి కండ) ఉన్నా, ఇన్ఫెక్షన్ ఉన్నా ఇలాగే జరుగుతుంది. ఇవేవీ బిడ్డ పెరుగుతున్న చోటుకు సంబంధించినవి కావు.

రెండోది, గర్భసంచి గోడకూ బిడ్డ చుట్టూ ఉన్న పొరకూ మధ్య కొద్దిగా రక్తం చేరి, అది మెల్లగా బయటికి రావడం. స్కాన్ రిపోర్టుల్లో దీని పేరు సబ్‌కోరియానిక్ హెమటోమా. దీని గురించి కింద విడిగా చెప్పాం.

మూడోది గర్భస్రావం. గుర్తించిన గర్భాల్లో నూటికి 10 నుంచి 20 వరకు నిలవవు, వాటిలో ఎక్కువ భాగం తొలి 12 వారాల్లోనే పోతాయి. తొలి నెలల్లో పోయే గర్భాల్లో సుమారు సగానికి కారణం పిండంలోని క్రోమోజోముల లెక్క తప్పడం. అండం, శుక్రకణం కలిసిన వేళే జరిగిపోయే ఆ పొరపాటును తర్వాత ఏ మందూ, ఏ విశ్రాంతీ సరిచేయలేవు.

నాలుగోది ఎక్టోపిక్, అంటే గర్భసంచిలో కాక బయట, చాలావరకు అండాన్ని గర్భసంచికి చేర్చే ఫాలోపియన్ ట్యూబులో, గర్భం నిలవడం. నూరు గర్భాల్లో ఒకటి రెండింటికి మించకపోయినా తొలి నెలల్లో తల్లి ప్రాణానికి ముప్పు తెచ్చే కారణాల్లో మొదటిది ఇదే. ఇక ముత్యాల గర్భం అని వ్యవహరించే మోలార్ ప్రెగ్నెన్సీ చాలా అరుదు. అందులో మాయ కణజాలం నీటి బుడగల గుత్తిలా పెరుగుతుంది, వాంతులు విపరీతంగా ఉంటాయి, దాన్ని తీసేసిన తర్వాత కూడా కొన్ని నెలల పాటు రక్తపరీక్షలు తప్పనిసరి.

ఇద్దరు పిల్లలు నిలిచి ఒకరు తొలి వారాల్లోనే ఎదగక కలిసిపోయినప్పుడు కూడా రక్తం కనిపించవచ్చు. ఐవీఎఫ్ చేయించుకున్నవారిలో కవలలు ఎక్కువ కాబట్టి ఇది వారికి తెలిసి ఉండడం మంచిది. కారణమేదో ఎంత వెదికినా తేలని సందర్భాలూ చాలానే ఉంటాయి.

నెలసరి రావలసిన రోజుల్లోనే రెండు రోజులు కొద్దిగా కనిపించింది. అది నెలసరా, గర్భమా?

ఫలదీకరణ చెందిన అండం గర్భసంచి పొరలో అంటుకునే రోజుల్లో, అంటే అండం విడుదలైన సుమారు 6 నుంచి 12 రోజులకు, కొందరికి కాస్త రక్తం కనిపిస్తుంది. అది సాధారణంగా లేత రంగులో, నెలసరి కంటే చాలా తక్కువగా, ఒకటి రెండు రోజుల్లోనే ఆగిపోతుంది. దాన్నే నెలసరి అనుకుంటే వారాల లెక్క తప్పుతుంది. స్కాన్‌లో మీరు చెప్పిన లెక్కకూ బిడ్డ పరిమాణానికీ పొంతన కుదరదు.

అయితే దీనికి ఇంకో వైపు ఉంది. ఎక్టోపిక్ గర్భంలో తొలిసారి కనిపించే రక్తాన్ని కూడా చాలామంది 'ఈసారి నెలసరి తక్కువగా అయింది' అని సరిపెట్టుకుంటారు. నెలసరి ఎప్పటిలా కాకుండా ఆలస్యంగా, తక్కువగా వచ్చి, దానికి తోడు కడుపునొప్పి ఉంటే ఇంట్లోనే మూత్రపరీక్ష చేసుకోండి. మెడికల్ షాపులో దొరికే కిట్ దీనికి సరిపోతుంది.

మరకలు చాలా తక్కువ, నొప్పి లేదు. వారం ఆగి చూడవచ్చా?

గర్భం గర్భసంచిలోనే ఉందని ఇదివరకే స్కాన్‌లో తేలి ఉంటే, డాక్టర్‌కు ఫోన్‌లో చెప్పి, వారి సలహా ప్రకారం ఒకటి రెండు రోజులు గమనించవచ్చు. ఇంకా ఒక్క స్కాన్ కూడా కాకపోతే వారం ఆగడం సరికాదు. ఒకటి రెండు రోజుల్లోనే చూపించుకోవాలి.

ఎందుకంటే ఎంత రక్తం పోతోందన్న దాన్నిబట్టి ప్రమాదాన్ని అంచనా వేయలేం. ప్యాడ్లు తడిసేంత రక్తం పోయి, ఏడుస్తూ స్కాన్‌కు వెళ్ళినవారికి లోపల గుండె చక్కగా కొట్టుకుంటూ కనిపించవచ్చు. రోజుకు ఒక్క గోధుమ రంగు చుక్క మాత్రమే కనిపించినవారికి ట్యూబులో గర్భం పెరుగుతూ ఉండవచ్చు. అక్కడ రక్తం పోయేది లోపలికి, కడుపులోకి. బయటికి వచ్చేది అందులో స్వల్పం. అందువల్ల మరకలు కనిపించినప్పుడు తొలి ప్రశ్న 'బిడ్డ బాగుందా' కాదు, 'గర్భం ఎక్కడ ఉంది'. దాని జవాబు స్కాన్‌తోనే తేలుతుంది.

ఊళ్ళో ఆర్‌ఎంపీ దగ్గర రక్తం ఆగే ఇంజెక్షన్ చేయించుకుని ఊరుకోవడం ఇందుకే ప్రమాదం. ఇంజెక్షన్‌తో మరకలు ఆగితే గర్భం ఎక్కడుందో తెలిసినట్టు కాదు. పల్లెల్లో ఉన్నవారు ఆశా కార్యకర్తకు గానీ ఏఎన్‌ఎంకు గానీ చెబితే స్కాన్ ఉన్న ఏరియా ఆసుపత్రికో జిల్లా ఆసుపత్రికో పంపుతారు. ప్రతి నెలా 9వ తేదీన ప్రభుత్వ ఆసుపత్రుల్లో గర్భిణులకు ఉచిత పరీక్షలు జరుగుతాయి, అవి మంచివే. మరకలు కనిపించాక మాత్రం 9వ తేదీ కోసం ఎదురుచూడకండి.

ఆలస్యం చేయకుండా, రాత్రయినా సరే, ఎప్పుడు వెళ్ళాలి?

గంటకో ప్యాడ్ చొప్పున వరుసగా రెండు గంటలు తడిసినప్పుడు, పెద్ద గడ్డలు పడినప్పుడు, పొత్తికడుపులో ఒకవైపు పొడిచినట్టు నొప్పి మొదలై తగ్గనప్పుడు, లేచి నిలబడితే కళ్ళు తిరిగి చెమటలు పట్టినప్పుడు, జ్వరంతో పాటు దుర్వాసన గల స్రావం ఉన్నప్పుడు వెంటనే వెళ్ళాలి. భుజం చివర నొప్పి అన్నది చాలామందికి తెలియని లక్షణం: ట్యూబు చిట్లి కడుపులో రక్తం చేరి, ఉదరవితానాన్ని (పొట్టకూ ఛాతీకీ మధ్య ఉండే కండరపు పొరను) తాకితే ఆ నొప్పి భుజంలో తెలుస్తుంది. మరకలతో పాటు భుజం నొప్పి ఉంటే దాన్ని నరం పట్టేసిందని తైలం రాసి వదిలేయకూడదు.

కుటుంబ నియంత్రణ ఆపరేషన్ అయిన నాకు నెల తప్పి మరకలు కనిపిస్తున్నాయి. గర్భం కాదు కదా?

కావచ్చు. ట్యూబెక్టమీ తర్వాత గర్భం రావడం చాలా అరుదు, కాని వచ్చినప్పుడు దాదాపు మూడోవంతు కేసుల్లో అది ట్యూబులోనే నిలుస్తుంది. రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ పెళ్ళయిన స్త్రీలలో సగానికి పైగా ఈ ఆపరేషన్ మీదే ఆధారపడతారు, అదీ చిన్న వయసులోనే చేయించుకుంటారు, కాబట్టి ఈ ప్రశ్నకు మన దగ్గర ప్రత్యేకమైన ప్రాధాన్యం ఉంది. 'ఆపరేషన్ అయింది కదా' అనే ధీమాతో నెల తప్పినా పట్టించుకోకుండా, చివరికి స్పృహ తప్పిన స్థితిలో ఆసుపత్రికి చేరడం జరగకూడదు. ఇంతకుముందు ఎక్టోపిక్ అయినవారు, ట్యూబులకు ఇన్ఫెక్షన్ గాని శస్త్రచికిత్స గాని అయినవారు, లూప్ ఉండగా గర్భం వచ్చినవారు, ఐవీఎఫ్‌తో గర్భం దాల్చినవారు కూడా ఇంతే జాగ్రత్తగా ఉండాలి.

ఆసుపత్రిలో ఏమేం చేస్తారు?

నాడి, బీపీ చూస్తారు. హిమోగ్లోబిన్, రక్తపు గ్రూపు, అవసరమైతే హెచ్‌సీజీ (గర్భం వచ్చినప్పుడు తయారయ్యే హార్మోన్) పరీక్షలకు రక్తం తీస్తారు. ముఖద్వారం నుంచే రక్తం వస్తోందేమో చూడడానికి స్పెక్యులమ్ అనే యోనిని తెరిచి చూసే పరికరంతో పరీక్ష చేయవచ్చు. ఆ తర్వాత స్కాన్. తొలి వారాల్లో పొట్ట మీద నుంచి చేసే స్కాన్‌లో స్పష్టంగా కనిపించదు కాబట్టి యోని ద్వారా చేసే స్కాన్, అంటే టీవీఎస్, చేస్తారు. దానివల్ల గర్భం పోతుందన్న భయంతో కొందరు వద్దంటారు. ఆ భయానికి ఆధారం లేదు. పరీక్ష తర్వాత ఒకటి రెండు చుక్కలు కనిపిస్తే అవి ముఖద్వారం రాపిడివల్ల వచ్చినవి.

స్కాన్‌కు ముందు ఆధార్ అడిగి, ఫారం ఎఫ్ నింపి సంతకం చేయించుకుంటారు. అది 1994 నాటి లింగనిర్ధారణ నిరోధక చట్టం కింద ప్రతి గర్భిణి స్కాన్‌కూ ఉండే పద్ధతి, మీ మీద అనుమానంతో చేసేది కాదు.

వెళ్ళేటప్పుడు చివరి నెలసరి తేదీ, మరకలు మొదలైన రోజు, రంగు, రోజుకు ఎన్ని ప్యాడ్లు, వాడుతున్న మందులు ఫోన్‌లో రాసుకుని వెళ్ళండి. గడ్డో కండలాంటి ముక్కో పడితే శుభ్రమైన డబ్బాలో తీసుకెళ్ళండి, లేదా ఫోటో తీయండి. ఓపీలో మీకు దొరికేది నాలుగైదు నిమిషాలే, ఈ వివరాలుంటే అవి చాలు.

రిపోర్టులో ఉన్న మాటలకు అర్థమేమిటి?

జి-శాక్ అంటే గర్భసంచిలో కనిపించే సంచి. ఇది టీవీఎస్‌లో దాదాపు 5వ వారానికి కనిపిస్తుంది. యోక్ శాక్ అంటే అందులోని చిన్న ఉంగరంలాంటి ఆకారం. ఇది 5న్నర వారాల ప్రాంతంలో కనిపిస్తుంది, అది కనిపించిందంటే గర్భం గర్భసంచిలోనే ఉందని ఖాయపరచుకోవచ్చు. 6వ వారానికి పిండమూ గుండె చప్పుడూ కనిపించడం మొదలవుతుంది. సీఆర్‌ఎల్ అంటే తల నుంచి పిరుదుల వరకు పిండం పొడవు, మిల్లీమీటర్లలో. కాన్పు తేదీ లెక్కకు ఆధారం అదే. ఎఫ్‌హెచ్‌ఆర్ అంటే నిమిషానికి గుండె ఎన్నిసార్లు కొట్టుకుంటోందన్నది. 6వ వారంలో అది 100 పైచిలుకు ఉండి, 9వ వారానికి 170 ప్రాంతానికి చేరి, తర్వాత కాస్త తగ్గుతుంది. 'సింగిల్ లైవ్ ఇంట్రాయుటెరైన్ ప్రెగ్నెన్సీ' అని ఉంటే గర్భసంచిలో ఒక బిడ్డ ఉంది, గుండె కొట్టుకుంటోంది అని అర్థం. ఆ మాట రిపోర్టులో పడ్డాక, మరకలు ఉన్నా, గర్భం నిలిచే అవకాశమే చాలా ఎక్కువ.

గుండె చప్పుడు కనిపించలేదన్నారు. అంటే పోయినట్టేనా?

ఒక్క స్కాన్‌తో ఆ నిర్ణయానికి రాకండి. నెలసరి 35, 40 రోజులకోసారి వచ్చేవారికి అండం ఆలస్యంగా విడుదలవుతుంది. లెక్కప్రకారం 7 వారాలైనా నిజానికి 5 వారాలే అయి ఉండవచ్చు. పీసీఓఎస్ (హార్మోన్ల తేడావల్ల అండం సరిగా విడుదలకాని సమస్య) ఉన్నవారిలో ఇది తరచుగా జరుగుతుంది. ప్రపంచవ్యాప్తంగా రేడియాలజిస్టులు పాటించే కొలతల ప్రకారం టీవీఎస్‌లో పిండం పొడవు 7 మిల్లీమీటర్లు లేదా అంతకు మించి ఉండి గుండె కొట్టుకోకపోతేనో, సంచి సగటు వ్యాసం 25 మిల్లీమీటర్లు లేదా అంతకు మించి ఉండి లోపల పిండం లేకపోతేనో గర్భం నిలవలేదని చెబుతారు. అంతకంటే తక్కువ ఉన్నప్పుడు వారం పది రోజులు ఆగి మళ్ళీ స్కాన్ చేయాలి. రక్తస్రావం ఎక్కువగా లేక, మీ ఆరోగ్యం నిలకడగా ఉన్నప్పుడు 'ఇవాళే శుభ్రం చేయించుకోండి' అని తొందరపెడితే రిపోర్టు తీసుకుని మరొక డాక్టర్ అభిప్రాయం అడగడం మీ హక్కు.

హెచ్‌సీజీ ఎంత ఉండాలి?

ఒక్కసారి తీసిన అంకెతో పెద్దగా తేలేది లేదు. 48 గంటల తేడాతో రెండుసార్లు తీసి పోల్చాలి, వీలైతే ఒకే ల్యాబ్‌లో. తొలి వారాల్లో చాలా గర్భాల్లో ఇది రెండు మూడు రోజుల్లో రెట్టింపవుతుంది. మెల్లగా పెరిగినా, నిలిచిపోయినా, తగ్గినా గర్భం నిలవకపోవడాన్నో ఎక్టోపిక్‌నో అనుమానిస్తారు. హెచ్‌సీజీ బాగా పెరిగినా స్కాన్‌లో గర్భసంచి ఖాళీగా కనిపిస్తే డాక్టర్లు మిమ్మల్ని ఇంటికి పంపడానికి వెనకాడతారు. ఆ జాగ్రత్త సరైనదే.

'సబ్‌కోరియానిక్ హెమటోమా' అని రాశారు. లోపల రక్తపు గడ్డ ఉందంటే ప్రమాదం కాదా?

చిన్నదైతే సాధారణంగా శరీరమే దాన్ని మెల్లగా పీల్చేసుకుంటుంది, లేదా కొన్ని వారాల పాటు గోధుమ రంగు మరకలుగా బయటికి వస్తుంది. సంచి పరిమాణంతో పోలిస్తే గడ్డ పెద్దదైతే గర్భం పోయే అవకాశం కొంత పెరుగుతుంది, అందుకే వారం రెండు వారాలకు మళ్ళీ స్కాన్ చేస్తారు. దాన్ని కరిగించే మందులేవీ లేవు. ఆస్పిరిన్, హెపారిన్ లాంటి రక్తం గడ్డకట్టకుండా చేసే మందులు వాడుతున్నవారు సొంతంగా ఆపకుండా, కొనసాగించాలో లేదో డాక్టర్‌ను అడిగి తెలుసుకోవాలి.

పూర్తిగా మంచం దిగకుండా ఉండాలా?

అవసరం లేదు. మంచం మీదే ఉన్నవారికీ మామూలుగా తిరిగినవారికీ గర్భం నిలవడంలో తేడా ఉందని పరిశోధనలు చూపలేదు. వారాల తరబడి కదలకుండా ఉంటే కాళ్ళలో రక్తం గడ్డకట్టే ముప్పు, మలబద్ధకం, దిగులు మాత్రం పెరుగుతాయి. రక్తం పోతున్న రోజుల్లో బరువులెత్తే పనులు, కలయిక మానేసి, ప్యాడ్ మాత్రమే వాడుతూ, ఇంటిపనీ ఆఫీసుపనీ ఓపికను బట్టి చేసుకోవచ్చు. అయినా మన ఇళ్ళలో డాక్టర్ 'బెడ్ రెస్ట్' అని రాస్తేనే కోడలికి కాస్త విశ్రాంతి దొరుకుతుందన్నది కాదనలేని నిజం. కొందరు డాక్టర్లు ఆ మాట రాయడానికి అదీ ఒక కారణం.

ప్రొజెస్టెరాన్ మాత్రలు తప్పనిసరా?

ప్రొజెస్టెరాన్ గర్భం నిలవడానికి తోడ్పడే హార్మోన్. మరకలు అనగానే ఆ కోవకే చెందిన డైడ్రోజెస్టిరాన్ మాత్రలో, ప్రొజెస్టెరాన్ మాత్రలో, ఇంజెక్షన్లో రాయడం మన దగ్గర దాదాపు ఆనవాయితీ. దీనిమీద బ్రిటన్‌లో జరిగిన పెద్ద పరిశోధన ఫలితాలు 2019లో వెలువడ్డాయి. రక్తస్రావంతో వచ్చిన 4 వేల మందికి పైగా స్త్రీలలో సగం మందికి ప్రొజెస్టెరాన్, సగం మందికి మందులేని మాత్ర ఇచ్చి చూశారు. మొత్తం మీద చెప్పుకోదగ్గ తేడా రాలేదు. ఇంతకుముందు గర్భస్రావాలైన వారిలో మాత్రం ప్రయోజనం కనిపించింది, మూడు లేదా అంతకంటే ఎక్కువ అయినవారిలో అది మరింత స్పష్టం. దాన్నిబట్టే 2021 నుంచి బ్రిటన్ మార్గదర్శకాలు, గతంలో గర్భస్రావమై ఇప్పుడు రక్తం కనిపిస్తున్నవారికి, గర్భం గర్భసంచిలో ఉందని తేలాక, 400 మిల్లీగ్రాముల ప్రొజెస్టెరాన్‌ను రోజుకు రెండుసార్లు యోనిలో పెట్టుకోమంటున్నాయి. తొలి గర్భమైతే 'నాకు ఇది ఎందుకు రాశారు' అని అడగడంలో తప్పులేదు. ఎవరో బంధువు వాడారని మెడికల్ షాపులో కొనుక్కుని వాడడం మాత్రం వద్దు. నొప్పికి పారాసిటమాల్ వాడవచ్చు. ఐబుప్రొఫెన్, డైక్లోఫెనాక్ లాంటివి వద్దు.

నాది నెగటివ్ గ్రూపు. యాంటీ-డి ఇంజెక్షన్ వేయించుకోవాలా?

మీరు నెగటివ్, భర్త పాజిటివ్ అయితే బిడ్డ రక్తం మీ రక్తంలో కలిసి, తర్వాతి గర్భాలకు ఇబ్బంది రాకుండా ఈ ఇంజెక్షన్ వేస్తారు, వేసేటట్లయితే 72 గంటల లోపల. తొలి 12 వారాల్లో కొద్దిపాటి మరకలకే ఇది అవసరం లేదని బ్రిటన్, అమెరికా మార్గదర్శకాలు ఇప్పుడు అంటున్నాయి. మన దగ్గర చాలామంది డాక్టర్లు ఇస్తూనే ఉన్నారు, ఇచ్చినందువల్ల నష్టం లేదు. ఎక్టోపిక్‌కు ఆపరేషన్ జరిగినప్పుడు, 12 వారాలు దాటాక రక్తస్రావమైనప్పుడు తప్పక అడగండి.

బొప్పాయి తిన్నాను, బండి మీద వెళ్ళాను, మెట్లెక్కాను. అందుకేనా?

కాదు. పండిన బొప్పాయి ముక్కలు తిన్నందుకో, నువ్వులుండ తిన్నందుకో, 'వేడి చేసినందుకో' గర్భం పోదు. మెట్లెక్కడం, మామూలు వేగంతో బండి మీద వెళ్ళడం, ఆఫీసులో పనిచేయడం, గ్రహణం నాడు బయటికి రావడం, ఎవరో దిష్టి పెట్టడం, వీటిలో దేనికీ మరకలతో సంబంధం లేదు. రక్తం కనిపించిన మరునిమిషం ఇంట్లో మొదలయ్యే విచారణ, 'నిన్న ఏం తిన్నావు, ఎక్కడికి వెళ్ళావు' అన్నది, అప్పటికే భయపడి ఉన్న మనిషిని ముద్దాయిని చేస్తుంది. పొగాకు, మద్యం నిజంగా హాని చేస్తాయి. షుగర్, థైరాయిడ్ అదుపులో లేకపోవడం గర్భస్రావం ముప్పును పెంచుతుంది. అడగవలసినవి అవి.

అమెరికాలో ఉన్నాను. 8 వారాలకు గానీ అపాయింట్‌మెంట్ లేదంటున్నారు.

అక్కడ మామూలు గర్భాలకు తొలి విజిట్ 8 వారాల ప్రాంతంలో ఇవ్వడం సాధారణం. మరకలు ఉన్నాయని, నొప్పి ఉంటే అది కూడా, క్లినిక్ నర్స్ లైన్‌కు స్పష్టంగా చెబితే ముందే చూస్తారు. పైన చెప్పిన అత్యవసర లక్షణాలుంటే నేరుగా ఎమర్జెన్సీకి వెళ్ళాలి. బ్రిటన్‌లో దీనికోసమే ఎర్లీ ప్రెగ్నెన్సీ యూనిట్లు ఉన్నాయి. జీపీ (అక్కడి ఫ్యామిలీ డాక్టర్) ద్వారా గానీ 111కి ఫోన్ చేసి గానీ అక్కడికి చేరవచ్చు. ఇండియాలోని డాక్టర్‌కు వాట్సాప్‌లో రిపోర్టు పంపి అడగడం ధైర్యానికి బాగానే ఉంటుంది, కాని పొట్ట మీద చెయ్యి వేసి చూడవలసినవారు అక్కడే ఉండాలి.

మరకలు ఆగిపోయాయి. బిడ్డకు ఏదైనా లోపం ఉంటుందా?

రక్తం కనిపించినందువల్ల బిడ్డకు అవయవ లోపాలు రావు. ఎక్కువ రోజులు, ఎక్కువగా రక్తస్రావమైనవారిలో నెలలు నిండకుండా కాన్పయ్యే అవకాశం కొంచెం ఎక్కువ, కాబట్టి తర్వాత చూసే డాక్టర్‌కు ఈ సంగతి చెప్పండి. ఫోలిక్ యాసిడ్ ఆపకండి. 11 నుంచి 14 వారాల మధ్య బిడ్డ మెడ వెనుక నీటిపొరను కొలిచే ఎన్‌టీ స్కాన్‌ను, 18 నుంచి 20 వారాల మధ్య బిడ్డ అవయవాలను చూసే టిఫా స్కాన్‌ను అందరిలాగే చేయించుకోండి.

నిలవకపోతే తర్వాత ఏమిటి?

గర్భం దానంతట అదే పడిపోయే వరకు ఆగడం, మాత్రలతో పంపించడం, చిన్న ప్రక్రియతో శుభ్రం చేయడం అనే మూడు దారులు ఉంటాయి. రక్తస్రావం ఎక్కువగా లేకపోతే వీటిలో ఏది కావాలన్నది డాక్టర్‌తో మాట్లాడి మీరే ఎంచుకోవచ్చు. గర్భం ఎక్కడుందో స్కాన్‌లో చూడకుండా మాత్రలు మింగడం మాత్రం ప్రమాదకరం. నెలసరి సాధారణంగా 4 నుంచి 6 వారాల్లో వస్తుంది, అంతకుముందే అండం విడుదలై మళ్ళీ గర్భం రావచ్చు. ఒకసారి పోయినంత మాత్రాన ఖరీదైన పరీక్షల చిట్టా అవసరం ఉండదు; వరుసగా రెండు మూడు సార్లు జరిగితే అప్పుడు కారణం వెదుకుతారు. ఎక్టోపిక్ అయినవారు మాత్రం మళ్ళీ నెల తప్పగానే, మరకలు ఉన్నా లేకపోయినా, 6వ వారం ప్రాంతంలోనే స్కాన్ చేయించుకోవాలి.